గుమ్మం ముందు ప్రశ్న

పై వాటా ఆవిడ ఇస్త్రీ ఆవిడతో అన్నదట. ఇస్త్రీ ఆవిడ బట్టల మూట దించుతూ ఆ మాట నా చెవిన వేసింది.

"పొద్దున్న ఏడయ్యేసరికి కింది వాటాలో మామాకోడళ్ళిద్దరూ కంప్యూటర్ ముందు కూర్చుంటారట. 'ఈవిణ్ణి లోపలికి రానీ, వాణ్ణి బయటికి తోసెయ్' అని ఒకటే మాటలట. తీరా కిటికీలోంచి తొంగి చూస్తే గదిలో మూడో మనిషి ఉండడట. నిన్నయితే పెద్దాయన 'మేకలా అరుస్తుందిట, తోసెయ్ తోసెయ్' అని పగలబడి నవ్వాడట. ఏం వ్యాపారమే తల్లీ అది? ఆవిడకి అదే దిగులు."

"మరి నువ్వేమన్నావ్?"

"నేనేమంటాను? పెద్దాయనకి చెయ్యి వణుకుతుంది గానీ బుర్ర బాగానే ఉందన్నాను. 'నేనూ ఆ బుర్ర గురించేగా అనేది' అందావిడ."

పై వాటా ఆవిడ అబద్ధమేమీ చెప్పలేదు. ఆవిడ విన్నదంతా అక్షరాలా నిజమే. లోపలికి రానివ్వడాలూ, బయటికి తోసెయ్యడాలూ, మేకతో సహా.

మా మావయ్య నలభై ఏళ్ళు కుట్టుమిషన్లు బాగుచేశారు. వీధిలోకి తెరుచుకునే మా ముందుగదే ఆయన కొట్టు. ఇప్పటికీ అందులో నాలుగు మిషన్లు, ఒక చెక్క బల్ల, రకరకాల స్క్రూలతో నిండిన సీసాలు వరసగా ఉంటాయి. ఆయన గొప్పంతా చెవిలో ఉండేది. ఎవరైనా మిషన్ తెచ్చి బల్ల మీద పెడితే మూత విప్పేవారు కాదు. చక్రం ఒక్కసారి తిప్పి, తల పక్కకి వాల్చి, చంటిపిల్ల గుండె చప్పుడు వింటున్నట్టు వినేవారు. "బాబిన్ కేసు వదులయింది" అనేవారు. విప్పితే అదే అయ్యేది.

ఆరేళ్ళ కిందట ఆయన చేతులు వణకడం మొదలైంది. మొదట స్క్రూడ్రైవర్ జారింది, తర్వాత టీ గ్లాసు. అత్తయ్య పోయింది కూడా ఆ ఏడాదే. కొట్టు తలుపు తీసి పెట్టుకుని, వచ్చినవాళ్ళని "ఇంకెక్కడికైనా తీసుకెళ్ళండమ్మా" అని పంపేసి, మళ్ళీ కుర్చీలో కూర్చునేవారు. ఒక మనిషి రోజురోజుకీ కుర్చీలోకి కుంగిపోతుంటే చూడ్డం నా వల్ల కాలేదు. నేను చదివింది కంప్యూటర్ డిగ్రీ. పెళ్ళయ్యాక అది సర్టిఫికెట్ల కవర్లో పడుకుని ఉంది. దాన్ని లేపి ఆయన కోసం ఒక ఫోరం తయారుచేశాను. పేరు కుట్టు చావడి. ఎవరైనా వచ్చి తమ మిషన్ కష్టం రాసుకోవచ్చు. మావయ్య చెబుతుంటే నేను జవాబు టైపు చేసేదాన్ని. ఏడాది తిరిగేసరికి ఆయనే ఒక్క వేలితో టైపు చెయ్యడం నేర్చారు. వణికే వేలు ఒక్కో అక్షరాన్ని రెండుసార్లు కొట్టేది. "దాారం తెెగుతోందా" అని వచ్చేది. చావడిలో అందరూ దాన్ని మావయ్య యాస అనేవారు.

పదకొండు వందల మంది చేరారు. అందులో ముప్పాతిక వంతు ఇంట్లో మిషన్ పెట్టుకుని కుట్టుకునే ఆడవాళ్ళే. అసలు పేర్లు ఎవరూ పెట్టుకోలేదు. గుండీ, జేబు, కత్తెరమ్మ, కాజా అక్క, ఇలాంటివే. మావయ్య పేరు నూనెడబ్బా. అది ఆయనే పెట్టుకున్నారు.

పోయిన ఏడాది రాళ్ళు పడడం మొదలైంది. ట్రోల్స్ అంటారు వాళ్ళని. మావయ్య మాత్రం రాళ్ళు విసిరేవాళ్ళనే అంటారు. మా చావడికి తలుపు లేదు. ఏదో ఒక పేరు కొట్టి, ఉన్నదో లేనిదో ఒక ఈమెయిలు పెడితే చాలు, ఖాతా తయారు. నేనే అలా పెట్టాను, ఎవరికీ కష్టం కాకూడదని. దాంతో ఒక్కడే పొద్దున ఒక పేరుతో, మధ్యాహ్నం నాలుగు పేర్లతో వచ్చేవాడు. ఒక పేరు తీసేస్తే ఇంకో రెండు మొలిచేవి. ఎవరు కుట్టిన గౌను ఫొటో పెట్టినా కింద వెకిలి కూతలు. కుట్టు గురించి అయితే పోనీలే అనుకునేవాళ్ళం. ఒంటి గురించి, మొగుళ్ళ గురించి కూసేవారు.

గుండీ అని ఒకావిడ ఉండేది. మొట్టమొదట వచ్చినప్పుడు "అడగడానికి భయంగా ఉంది, నవ్వకండి" అని రాసింది. మావయ్య ఆవిడకి కాలరు తిప్పడం దగ్గర్నించీ నేర్పారు. రెండేళ్ళకి ఆవిడ మొదటిసారి ఒక కోటు కుట్టి ఫొటో పెట్టింది. దాని కింద ఒక్క రోజులో యాభై రాళ్ళు పడ్డాయి. మర్నాడు ఆవిడ "సెలవు తీసుకుంటున్నాను బాబాయిగారూ" అని ఒక్క వాక్యం రాసి వెళ్ళిపోయింది.

మావయ్య ఆ రోజు అన్నం సగం వదిలేశారు.

"మూసెయ్యమ్మాయ్" అన్నారు.

"ఏంటి మావయ్యా?"

"చావడి. ఇల్లాళ్ళని పిలిచి కూర్చోబెట్టి తిట్టించడానికా మనం పెట్టింది? కొట్టు మూసినప్పుడే ఊరుకుని ఉంటే పోయేది."

మళ్ళీ ఆయన చూపు కుర్చీ మీదకి పోయింది. నాకు భయం వేసింది. చావడి మూస్తే ఆయన ఆ కుర్చీలోంచి మళ్ళీ లేవరని నాకు తెలుసు.

"మూయొద్దు, తలుపు పెడదాం" అన్నాను.

తలుపు ఎలాంటిదని వారం రోజులు మా ఇంట్లో చర్చ. ఫోన్ నంబరు అడుగుదాం, నంబరుకి కోడ్ పంపుదాం అన్నాను నేను. అందరూ అలాగే చేస్తున్నారు కదా అని. సభ్యుల్ని అడిగితే కాజా అక్క రాసింది: "మా ఇంట్లో ఉన్నది ఒకటే ఫోన్, అది ఆయన జేబులో ఉంటుంది. కోడ్ వచ్చిందంటే ఎవడు పంపాడే అంటాడు. ఇంక మిషన్ సంగతి దేవుడెరుగు." ఆ కింద పాతిక మంది "మాదీ అంతే" అన్నారు. ఆ ఆలోచన అక్కడే ఆగిపోయింది.

మా ఆయన నీళ్ళ సరఫరా ఆఫీసులో పనిచేస్తాడు. పళ్ళెం ముందు కూర్చుని మా చర్చ విని, "ఈ ఇంట్లోకి రావడానికి నాకేమన్నా పరీక్ష పెడతారా? ముందే చెబితే చదువుకుంటాను" అన్నాడు.

అదిగో, ఆ మాట పట్టుకున్నారు మావయ్య.

"పరీక్షే పెడదాం. మిషన్ తొక్కినవాళ్ళకి మాత్రమే తెలిసింది అడుగుదాం. పుస్తకంలో దొరక్కూడదు, ఇంటర్నెట్‌లో వెతికితే దొరక్కూడదు. పనిచేసినవాళ్ళకి ప్రాణంలో ఉండాలి." కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించి, "రాసుకో" అన్నారు. "సూది కింద షటిల్ తిరిగే గాడిలో నూనె ఎండిపోయిన మిషన్ ఎలా చప్పుడు చేస్తుంది? మీ సొంత మాటల్లో రాయండి."

నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఎవరైనా కొత్తగా చేరాలంటే ఆ ప్రశ్నకి జవాబు రాయాలి. దాన్ని యంత్రం కాదు, మావయ్యే చదివి లోపలికో బయటికో చెబుతారు. లోపలికి వచ్చినా మొదట రాసే మూడు పోస్టులు మేం చూశాకే అందరికీ కనపడతాయి. వారం దాకా ఎవరికీ విడిగా ఉత్తరం రాయడానికి ఉండదు. మూడుసార్లు తప్పు జవాబు రాస్తే ఇంక ఆ ఖాతాకి తలుపు తెరుచుకోదు. ఆ చివరి నియమం పూర్తిగా నా సొంతం. అందుకు నా భుజం నేనే తట్టుకున్నాను కూడా.

ఇంక చూడండి, పొద్దున్నే మా ఇద్దరికీ అదే వేడుక. నేను జవాబులు పైకి చదివేదాన్ని, మావయ్య కళ్ళు మూసుకుని వినేవారు.

"'గొంతు ఆరిపోయినవాడు నీళ్ళు అడుగుతున్నట్టు' అంటోంది ఒకావిడ."

"ఆహా. లోపలికి."

"'మా అత్తగారు గొణిగినట్టు, ఆగదు, పెరగదు.'"

"ఇద్దరం విన్నవాళ్ళమే. లోపలికి."

"'గంట మోగినట్టు మధురంగా.'"

"వీడి మొహం. ఎండిన గాడి మధురమా? బయటికి తోసెయ్."

రెండు నెలలు తిరిగేసరికి రాళ్ళు ఆగిపోయాయి. పూటకో పేరుతో వచ్చేవాడు పూటకో జవాబు కనిపెట్టలేక అలిసిపోయాడు. నిజం చెప్పాలంటే ఒక్కడు కనిపెట్టి వచ్చాడు, కానీ అతని మొదటి మాటే మా దగ్గర ఆగిపోయింది. ఒక పొద్దున్న గుండీ తిరిగొచ్చింది. "తలుపు పెట్టారని విన్నాను బాబాయిగారూ, ఉండొచ్చా?" అని రాసింది. మావయ్య కళ్ళజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ తీసి తుడుచుకున్నారు. "ఉండొచ్చచ్చు తల్లీ" అని టైపు చేశారు. ఆ రోజు భోజనంలో మారు వడ్డించమని అడిగారు.

ఆ నెలలోనే పద్నాలుగో నంబరు అనే పేరుతో ఒకరు తలుపు తట్టారు. పద్నాలుగు అంటే సూది సైజు. పేరు చూసి మావయ్య ముచ్చటపడ్డారు. "పేరు పెట్టడం తెలిసినవాడు. చదువు."

చదివాను. "చప్పుడు సంగతి నాకు తెలియదు. బల్ల మీద అరచెయ్యి ఆనిస్తే పొడి ఇసకలో వేలు లాగినట్టుంటుంది."

"ఇసకేంటి?"

"అలాగే రాశారు."

"అడిగింది చప్పుడు. తెలియదని తనే అంటున్నాడుగా. ఎవడో వేళాకోళం. బయటికి."

ఒక్క క్షణం నా వేలు ఆగింది. పొడి ఇసకలో వేలు లాగినట్టు. లేనిది కల్పించేవాడికి ఇలాంటి మాట ఎక్కడ దొరుకుతుంది అనిపించింది. లేచి, వరసలో ఉన్న మిషన్ ఒకటి తిప్పి, బల్ల మీద చెయ్యి పెట్టి చూస్తే అప్పుడే తేలిపోయేది. నాలుగు అడుగుల దూరం. వంటింట్లో కుక్కర్ కూత వేసింది. బయటికి అన్న బటన్ నొక్కి లేచాను.

మూడు రోజులకి మళ్ళీ వచ్చింది. "చెప్పులు విప్పి పెడల్ తొక్కితే మడమలో తెలుస్తుంది, చీమలు పాకినట్టు. ఇంకోలా చెప్పడం నాకు రాదు."

"చప్పుడు అడిగితే చీమలంటాడేంటి వీడు!" అన్నారు మావయ్య. ఈసారి కాస్త కోపం కూడా వచ్చింది. ఆయన ప్రశ్నని ఎవరో ఎగతాళి చేస్తున్నారని.

మూడోసారి ఒకే ఒక్క ముక్క. "మేకలా అరుస్తుంది."

పై వాటా ఆవిడ విన్న నవ్వు అదే. మావయ్య పొట్ట పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. మేకట, తోసెయ్ తోసెయ్. మూడుసార్లు అయింది కాబట్టి నేను పెట్టిన నియమం తనంతట తనే గొళ్ళెం వేసేసుకుంది.

పది రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం కొట్టు ముందు ఆటో ఆగింది. ముప్పై, ముప్పై అయిదేళ్ళ మనిషి దిగింది. చేతిలో దుప్పటి చుట్టిన మిషన్ తల. దాన్ని చంటిబిడ్డని మోసినట్టు పొట్టకి ఆనించుకుని మెట్లెక్కింది. నేను లోపల బట్టలు మడతపెడుతున్నాను, తలుపు సందులోంచి కనపడుతోంది.

"రామ్మా. ఇప్పుడు రిపేర్లు చెయ్యట్లేదు తల్లీ" అన్నారు మావయ్య కుర్చీలోంచి.

ఆవిడ ఆయన వైపు చూడలేదు. బల్ల మీద మిషన్ దించి, గోడ వారనున్న మిషన్లని చూస్తూ నిలబడింది.

"నిన్నేనమ్మా. చెయ్యట్లేదు అంటున్నాను."

ఆవిడ ఒక పాత మిషన్ చక్రాన్ని వేలితో ముట్టుకుంది.

"వినపడట్లేదా ఏంటి!" అన్నారు మావయ్య కొంచెం గట్టిగా.

అప్పుడు తిరిగింది. ఆయన మొహం చూసి, తనతోనే మాట్లాడుతున్నారని తెలుసుకుని, చేతి సంచీలోంచి చిన్న నోటుపుస్తకం తీసింది. మొదటి పేజీ ముందే రాసి ఉంది. అంచులు నలిగిపోయి, ఎంతో మందికి చూపించినట్టుగా ఉంది. మావయ్య కళ్ళజోడు వెతుక్కుంటుంటే నేనే వెళ్ళి చదివాను.

"నాకు వినపడదు. దయచేసి రాసి చెప్పండి."

మావయ్య మొహం చిన్నబోయింది. "అయ్యో, అరిచాను కదే అమ్మాయ్" అన్నారు నాతో.

ఆవిడ పేజీ తిప్పి గబగబా రాసింది. "దారం తెగుతోంది. నాలుగు నెలలుగా. ముగ్గురు మెకానిక్కులు చూశారు. పైన నూనె పోసి వెళ్ళారు. నాతో మాట్లాడరు. పక్కింటివాళ్ళతో మాట్లాడి వెళతారు."

మావయ్య లేచారు. చెయ్యట్లేదన్న మాట ఆయనకే గుర్తులేదు. దుప్పటి విప్పి, చక్రం తిప్పి, అలవాటుగా తల వాల్చి చెవి దగ్గర పెట్టారు. మళ్ళీ తిప్పారు. కనుబొమలు ముడిపడ్డాయి. ఆ సమయానికి వీధిలో ఎవరో రేకులు దించుతున్నారు, ఒకటే మోత.

ఆవిడ ఆయన్ని చూస్తూ నిలబడి, ఇంక ఆగలేక ముందుకొచ్చింది. ఎడమ అరచెయ్యి బల్ల మీద పరిచి, కుడిచేత్తో చక్రం మెల్లగా తిప్పింది. ఒకచోట ఆపింది. వెనక్కి, ముందుకి, మళ్ళీ అక్కడే ఆపింది. పుస్తకంలో రాసింది.

"ఇక్కడ. ఎడమ పక్క, కింద, గాడిలో. పొడి ఇసకలో వేలు లాగినట్టు. కానీ ఇసక కాదు. ఒకటే రవ్వ."

నేను ఆ వాక్యం రెండోసారి చదివాను. మడతపెట్టిన తువ్వాలు నా చేతిలోనే ఉంది.

"మావయ్యా" అన్నాను. "పద్నాలుగో నంబరు."

"ఏ పద్నాలుగు? సూదా?"

"ఇసక. చీమలు. మనం తోసేశాం కదా."

ఆయనకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక బల్ల అంచు పట్టుకున్నారు. ఆ చేతి వణుకుకి సీసాల్లో స్క్రూలు సన్నగా మోగాయి.

నేను ఆవిడ పుస్తకం తీసుకుని రాశాను. "చావడిలో పద్నాలుగో నంబరు మీరేనా?"

ఆవిడ నా మొహం వంక చూసి తలూపింది. ఆ చూపులో కోపం లేదు. తెలిసే వచ్చిందని మాత్రం అర్థమైంది. చావడి పేజీ అడుగున కొట్టు చిరునామా ఉంటుంది. అదీ నేను పెట్టిందే.

"మేక అని ఎందుకు రాశారు?" అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"రెండుసార్లు నాకు తెలిసింది రాశాను, వద్దన్నారు. చప్పుడే కావాలేమో అని మా ఎదురింటావిణ్ణి అడిగాను. మేకలా అంటుందని చెప్పింది. నన్ను ఆటపట్టించిందని తర్వాత తెలిసింది."

మావయ్య పక్కనుంచి చదువుతున్నారని నాకు తెలియదు. ఆయన కుర్చీ వైపు వెళ్ళలేదు. వెళ్ళి స్క్రూడ్రైవర్ తెచ్చారు. ఆరేళ్ళయింది ఆయన దాన్ని పట్టి.

తిప్పబోతే జారింది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ జారింది. ఆవిడ స్క్రూడ్రైవర్ ఆయన చేతిలోంచి నెమ్మదిగా తీసుకుంది. ఆయన వేలితో చూపించారు, ఆవిడ విప్పింది. పలక తీసింది, బాబిన్ కేసు తీసింది, షటిల్ బయటికి తీసింది. గాడి మూలలో నూనె, దూది కలిసి నల్లటి ముద్ద. దాన్ని పిన్నుతో గీరితే అందులోంచి సన్నటి మెరుపు రాలి బల్ల మీద పడింది. ఎప్పుడో విరిగిన సూది కొన. నువ్వుగింజలో సగం కూడా లేదు.

మావయ్య దాన్ని వేలి మీద ఎత్తబోయారు, వణుకుకి నిలవలేదు.

"ముగ్గురు చెవులున్న వెధవలు చూశారు" అన్నారు. "నాతో కలిపి నలుగురం."

ఆవిడ అన్నీ బిగించింది, గాడిలో రెండు చుక్కలు నూనె వేసింది. చక్రం తిప్పుతూ అరచెయ్యి బల్ల మీద పెట్టింది. మొహం విచ్చుకుంది. మావయ్య కూడా ఆవిడ చెయ్యి పక్కన తన చెయ్యి పెట్టారు. కాసేపు చూసి తల అడ్డంగా ఊపారు.

"నా చెయ్యే వణుకుతోంటే మిషన్ వణుకేదో, నాదేదో నాకెలా తెలుస్తుంది?" అన్నారు నవ్వబోయి.

ఆ మాట నేను రాసి చూపించలేదు. అవసరం లేకపోయింది. ఆవిడ ఆయన చేతి మీద తన చెయ్యి పెట్టి బల్లకేసి గట్టిగా అదిమింది. అలాగే పట్టుకుంది. వణుకు తగ్గింది, ఆగింది. రెండో చేత్తో చక్రం తిప్పింది. మావయ్య కళ్ళు మూసుకున్నారు. ఈసారి తల పక్కకి వాల్చలేదు.

"నీళ్ళలా ఉందే అమ్మాయ్" అన్నారు నాతో. "చేతి కింద నీళ్ళు పోతున్నట్టుంది. నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా చెయ్యి పెట్టి చూడలేదు."

టీ పెట్టి తెచ్చాను. ఆవిడ గ్లాసు చల్లారబెట్టుకుంటూ, నేను అడక్కుండానే రాసింది. ఈసారి నెమ్మదిగా, అక్షరాలు గుండ్రంగా.

"మూడేళ్ళుగా బయటినుంచి చదువుతున్నాను. చేరాలని ఉన్నా ధైర్యం లేక చేరలేదు. బయట ఎక్కడికెళ్ళినా ఈ పుస్తకం ముందు పట్టుకోవాలి. కొందరు చదివే ఓపిక లేక వెళ్ళిపోతారు. చావడిలో అందరూ రాస్తారు. వినపడేవాళ్ళు కూడా. అక్కడ నేనూ అందరిలాంటిదాన్నే కదా అనుకున్నాను."

నేను చదివి మావయ్యకిచ్చాను. ఆయన చదివి, కళ్ళజోడు తీశారు. ఈసారి తుడుచుకోలేదు, అలా పట్టుకునే కూర్చున్నారు.

కంప్యూటర్ ఆన్ చేశాను. గొళ్ళెం తీసేశాను. ఆవిడ పక్కన నిలబడి చూస్తుండగానే పద్నాలుగో నంబరు పేరు ఎదురుగా పచ్చ గుర్తు పెట్టాను. ముచ్చటపడి, వారం దాకా ఉత్తరాలు రాయకూడదన్న నియమం కూడా ఆవిడకి ఎత్తేశాను. మావయ్య నా కుర్చీలో కూర్చుని ఒక్క వేలితో స్వాగతం టైపు చేశారు. "చెేతితో వినేే మనిషి వచ్చింది. అందరూ జరిగి చోోటివ్వండి." రెండు నిమిషాల్లో గుండీ, కత్తెరమ్మ, కాజా అక్క, ఒకరి తర్వాత ఒకరు వచ్చి పలకరించారు. ఆవిడ తెర మీద వేలు పెట్టి ఒక్కో పేరూ ముట్టుకుంటూ చదివింది. నవ్వింది. అప్పుడు చూశాను, ఆవిడకి ఒక బుగ్గ మీదే సొట్ట పడుతుంది.

మావయ్యకి ప్రాణం లేచొచ్చింది. "ఆ ప్రశ్న తీసెయ్యమ్మాయ్. చప్పుడు బదులు ఇంకోటి పెడదాం, ఈవిణ్ణే అడిగి పెడదాం" అన్నారు. ఆవిడ మిషన్‌కి ఆయనే స్వయంగా దుప్పటి చుట్టారు. వంకరగా చుట్టారు, ఆవిడ మళ్ళీ విప్పి చుట్టుకుంది. ఆటో కోసం మా ఆయనకి ఫోన్ చేశాను. ఇంతలో మావయ్య నన్ను పిలిచి, "నా మాటగా రాయి" అన్నారు. ఎంతో తేలికపడ్డ గొంతు అది, గుండీ తిరిగొచ్చిన రోజు గొంతు.

రాశాను. "తల్లీ, తలుపు పెట్టకపోతే చావడే ఉండేది కాదు. రాళ్ళు విసిరేవాళ్ళు రెండొందల మంది దాకా వెనక్కి పోయారు. అందులో నీ విషయంలో ఒక్క పొరపాటు జరిగింది. అది ఇవాళ్టితో దిద్దేశాం. నువ్వు మనసులో పెట్టుకోకు."

ఆవిడ చదివింది. మావయ్య మొహంలోకి చూసింది, ప్రేమగానే చూసింది. పెన్ను తీసుకుని రెండు వరసలు రాసి, కాగితం చింపి ఆయన చేతిలో పెట్టి, మిషన్ పొట్టకి ఆనించుకుని మెట్లు దిగింది. మావయ్య చదివి నాకిచ్చారు. నేను చదివి బల్ల మీద పెట్టాను.

"ఒక్కటే అని మీకెలా తెలుసు? నాకు దారి ఖర్చులుండి వచ్చాను కాబట్టి తెలిసింది."